పాలపొడి డబ్బా, లో సోడియం ఉప్పు, గైగర్ మీటర్: ఏ అంకెను పట్టించుకోవాలి?

మీరు అడిగింది ఇదీ. ఆన్‌లైన్‌లో రేడియేషన్‌ను క్లిక్కులుగా లెక్కపెట్టే ఒక గైగర్ మీటర్ కొన్నారు. వంటింటి గట్టు మీద లో సోడియం ఉప్పు ప్యాకెట్‌కు ఆనిస్తే రీడింగ్ గంటకు 0.15 నుంచి 0.24 మైక్రోసీవర్ట్‌లకు (ఒంటికి తగిలే రేడియేషన్ డోసు కొలత) ఎగబాకింది. పాప తాగే పాలపొడి డబ్బా దగ్గర నిమిషానికి 22 ఉన్న క్లిక్కులు 31 అయ్యాయి. దానికి తోడు పాలపొడుల్లో పొటాషియం-40 (పొటాషియంలో సహజంగానే ఉండే రేడియోధార్మిక రూపం) కిలోకు వందల బెక్వెరెల్ (సెకనుకు ఒక పరమాణువు విఘటనమైతే ఒక బెక్వెరెల్) ఉందనీ, క్యాన్సర్ ముప్పు "ప్రపంచ సగటును మించింది" అనీ ఒక పరిశోధనా వ్యాసంలో చదివారు. ఎనిమిది నెలల పాపకు ఆ పొడి ఆపేయాలా, ఎక్కడ పరీక్ష చేయించాలి అని అడుగుతున్నారు.

పొడి ఆపక్కర్లేదు. ఆహార శాంపిళ్లలో రేడియోధార్మికత కొలవడమే నా ఉద్యోగం కాబట్టి ఎందుకు అక్కర్లేదో కాస్త వివరంగానే చెబుతాను. ఈ విషయంలో తిరకాసు ఒకటే. పెద్ద అంకె చూపించేది దాదాపు ఎప్పుడూ హాని లేనిదే. పట్టించుకోవలసినవేమో మీ మీటర్‌కు అసలు కనబడవు.

ముందు ఆ 22, 31 సంగతి. రేడియోధార్మిక విఘటనం ఒక తాళం ప్రకారం జరగదు, ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతుంది. అందుకే ఎన్ని క్లిక్కులు వచ్చాయో దాని వర్గమూలమంత అనిశ్చితి ఎప్పుడూ ఉంటుంది. 22 అంటే సుమారు 5 అటూ ఇటూ, 31 అంటే ఇంకో 5 లేదా 6 అటూ ఇటూ. రెండింటి తేడా 9, ఆ తేడాలో అనిశ్చితి 7 పైనే. అంటే మీరు కొలిచింది ఏమీ లేదు. డబ్బా పెట్టి గంట, డబ్బా తీసేసి అదే చోట గంట లెక్కపెట్టి చూడండి. అప్పుడూ ఇదే నిష్పత్తి వస్తే 1,320కీ 1,860కీ తేడా 540, అనిశ్చితి 56. అది నిజమైన తేడా. నిమిషం చూసి వీడియో పెట్టేవాళ్లు ఈ ఒక్క లెక్క చేస్తే సగం వీడియోలు ఉండవు.

ఇంకోటి, మీ వంటింటి గట్టు. హైదరాబాద్ నిలబడిందే గ్రానైట్ మీద. ఆ రాయిలో యురేనియం, థోరియం, పొటాషియం మూడూ ఉంటాయి కాబట్టి ఇక్కడి బ్యాక్‌గ్రౌండ్ (పరిసరాల నుంచి ఎప్పుడూ వచ్చే రేడియేషన్) మామూలుగానే కాస్త ఎక్కువ. గట్టుకు వేసింది ఎర్ర లేదా గులాబీ రంగు రాయైతే ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది నిజానికి వేరే జాతి రాయి, అందులో ఇవి బాగా తక్కువ. ప్యాకెట్‌ను గట్టు మీదా, ఖాళీ రీడింగ్‌ను హాల్లోనూ తీసుకుంటే మీరు పోల్చింది ఉప్పునీ గాలినీ కాదు, రాయినీ హాలునీ.

ఉప్పు ప్యాకెట్ రీడింగ్ మాత్రం చాలావరకు నిజమే అయి ఉంటుంది. ప్రకృతిలో దొరికే పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విఘటనం కావడానికి పట్టే కాలం, 125 కోట్ల సంవత్సరాలు. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విఘటనాలు జరుగుతాయి, అంటే 31 బెక్వెరెల్. లో సోడియం ఉప్పు అంటే సోడియం క్లోరైడ్‌లో కొంత తీసి ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపినది. 30 శాతం కలిపారనుకుంటే కిలో ప్యాకెట్‌లో 157 గ్రాముల పొటాషియం, దాదాపు 4,900 బెక్వెరెల్. వినడానికి భయంగానే ఉంది. కానీ 70 కిలోల మనిషి ఒంట్లో 140 గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, అంటే 4,000 బెక్వెరెల్ పైమాటే. ప్యాకెట్ పట్టుకున్న మీకూ ప్యాకెట్‌కూ పెద్ద తేడా లేదు.

ఆ 0.24 మైక్రోసీవర్ట్ అన్న అంకెను కూడా ఉన్నదున్నట్టు నమ్మకండి. చవక మీటర్లలో ఉండేది ఒక ట్యూబు, అది క్లిక్కులు మాత్రమే లెక్కపెడుతుంది. క్లిక్కులను సీవర్ట్‌లుగా మార్చే గుణకం సీజియం-137 గామా కిరణాలను చూసి వేసినది. ట్యూబు మీద పడే గామాల్లో నూటికి ఒకటి అటూ ఇటూగా మాత్రమే క్లిక్‌గా నమోదవుతుంది. లోపలికి చొరబడిన బీటా కణం (విఘటనంలో వెలువడే ఎలక్ట్రాన్) అయితే దాదాపు ప్రతీదీ నమోదవుతుంది. పొటాషియం-40 విఘటనాల్లో 89 శాతం బీటాలే, పలచటి ప్లాస్టిక్ ప్యాకెట్ వాటిని ఆపలేదు. కాబట్టి మీటర్ బీటాలను లెక్కపెట్టి వాటిని గామాలనుకుని డోసు ఎక్కువ చేసి చెబుతోంది. కావాలంటే ప్యాకెట్‌కూ మీటర్‌కూ మధ్య మందపాటి స్టీలు పళ్లెం పెట్టి గంట లెక్కపెట్టండి. అదనపు క్లిక్కుల్లో చాలా భాగం పోతుంది. పాలపొడి రేకు డబ్బా దగ్గర తేడా అంతగా కనబడకపోవడానికి ఇదీ ఒక కారణం.

సరే, ల్యాబ్‌లో ఎలా చేస్తాం? హై ప్యూరిటీ జెర్మేనియం డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ఉంచి, చుట్టూ పది సెంటీమీటర్ల మందం సీసం పెడతాం. పాలపొడిని మారినెల్లీ బీకర్‌లో నింపుతాం. దాని అడుగున గుంట ఉంటుంది. ఆ గుంటలోకి డిటెక్టర్ తల దూరుతుంది కాబట్టి శాంపిల్ పైనా పక్కలా ఆవరించుకుని కూర్చుంటుంది. మూత గాలి చొరబడకుండా సీల్ చేసి నాలుగు వారాలు పక్కన పెట్టేస్తాం. ఎందుకంటే యురేనియం శ్రేణిలోని రేడియం-226ను సూటిగా కొలవడం కష్టం. దానికి ఉన్న 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పీక్ (గామా శక్తుల గ్రాఫులో కనబడే శిఖరం) యురేనియం-235 పీక్‌తో కలిసిపోతుంది. అందుకని రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు బయటికి పోకుండా ఆపి, ఆ రేడాన్ సంతానమైన సీసం-214ను 352 దగ్గరా, బిస్మత్-214ను 609 దగ్గరా చూస్తాం. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు. ఏడు అర్ధాయువులు గడిస్తే తల్లీ పిల్లలూ సమస్థితికి వచ్చినట్టే లెక్క. థోరియం శ్రేణికి 911, 583, 2,614 పీకులు. పొటాషియం-40కు ఒకే ఒక్కటి, 1,461.

ఆ 1,461 పీక్‌తోనే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఖాళీ డిటెక్టర్ పెట్టినా అది వస్తుంది, ఎందుకంటే గది గోడల కాంక్రీటులోనూ పొటాషియం ఉంది. దాన్ని తీసేయాలి. కానీ బ్యాక్‌గ్రౌండ్‌ను ఖాళీ బీకర్‌తో తీస్తే చాలదు. నిండిన బీకర్ బయటి గామాలకు కొంత అడ్డుపడుతుంది, ఖాళీది పడదు. అందుకే అదే బీకర్‌లో శుద్ధమైన నీళ్లు నింపి, శాంపిల్‌కు పట్టినంత సేపూ దాన్నీ లెక్కపెట్టాలి. పాలపొడి నీళ్లకన్నా తేలిక, ఉప్పు బరువు. శాంపిల్ తన గామాలను తానే ఎంత మింగేస్తుందో దానికీ ఒక దిద్దుబాటు ఉంది. వ్యాసం చదివేటప్పుడు ఈ రెండింటి ఊసు ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మీరు చదివిన వ్యాసానికి వద్దాం. మామూలు వెన్న ఉన్న పాలపొడిలో పొటాషియం 1.3 శాతం దగ్గర ఉంటుంది, అంటే కిలోకు సుమారు 400 బెక్వెరెల్. వెన్న తీసిన పొడిలో 500 దాటుతుంది. శిశువుల ఫార్ములాలో అంతకన్నా తక్కువ, 150, 170 అలా. ఇన్‌స్టంట్ కాఫీ పొడి 1,000 దాటుతుంది, కారం పొడి, పసుపు 600 చుట్టుపక్కల, కందిపప్పు 400 పైన. ఇవేవీ కాలుష్యం కాదు. ఆ పదార్థంలో పొటాషియం ఎంత ఉందో చెప్పే మరో పద్ధతి మాత్రమే. పోషకాల పట్టికలో పొటాషియం గ్రాముల్ని 31తో గుణించుకుంటే ల్యాబ్‌కు వెళ్లకుండానే ఈ అంకె వచ్చేస్తుంది.

అర కిలో పాలపొడిలో పొటాషియం-40 సుమారు 200 బెక్వెరెల్. విఘటనాల్లో పదకొండు శాతం కన్నా కాస్త తక్కువగా మాత్రమే 1,461 గామా వస్తుంది. డిటెక్టర్ సామర్థ్యం ఆ శక్తి దగ్గర ఒక శాతం అనుకున్నా 60,000 సెకన్లలో 12,000 పైగా కౌంట్లు పోగవుతాయి. కొండలా కనబడే పీక్. రేడియం సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ అన్‌స్కియర్ 2000 నివేదిక పాలకు ఇచ్చిన ప్రామాణిక విలువ కిలోకు 5 మిల్లీబెక్వెరెల్. పొడిలో అది ఎనిమిదింతలు చిక్కబడిందనుకుంటే 0.04 బెక్వెరెల్. అంత రేడియం 60,000 సెకన్లలో 609 పీక్ దగ్గర ఇచ్చేవి పది పదకొండు కౌంట్లు. ఆ పీక్ కింద బ్యాక్‌గ్రౌండ్ 400 కౌంట్లు ఉంటే, నిజంగా ఉంది అని చెప్పగలగడానికి కనీసం 96 కౌంట్లు రావాలి. ఇది క్యూరీ సూత్రం: బ్యాక్‌గ్రౌండ్ వర్గమూలాన్ని 4.65తో గుణించి 2.71 కలపడం. కాబట్టి ఎవరైనా పీకుల్ని అంత విడివిడిగా చూపలేని సోడియం అయొడైడ్ డిటెక్టర్ మీద కాసేపు లెక్కపెట్టి పాలపొడిలో రేడియం కిలోకు ఐదు బెక్వెరెల్, పది బెక్వెరెల్ అని రాస్తే, వాళ్లు కొలిచింది తమ గది గోడలనే అని నా అనుమానం. గుర్తించగల కనీస స్థాయి ఎంతో రాయని పట్టికను నేను పక్కన పెట్టేస్తాను.

ఈ తరహా వ్యాసాల్లో మరో వింత కూడా కనబడుతుంది. రేడియం తుల్యాంకం అని ఒకటి లెక్కగట్టి, అది 370 లోపల ఉంది కాబట్టి ఆహారం సురక్షితం అంటారు. ఆ సూచిక ఇటుకలకూ సిమెంటుకూ పెట్టింది, గోడల నుంచి బయటి గామా డోసు ఎంతో తేల్చడానికి. పాలపొడితో ఎవరూ ఇల్లు కట్టుకోరు. పైగా ఆహారం వల్ల వచ్చే "జీవితకాల క్యాన్సర్ ముప్పు"ను తీసుకెళ్లి ఆరుబయట నేల గామాలకు సంబంధించిన సగటుతో పోల్చి "మించింది" అంటారు. మీరు చదివిన వాక్యం చాలావరకు ఇదే బాపతు అయి ఉంటుంది.

అసలు మెలిక ఒంట్లో ఉంది. పొటాషియం స్థాయిని మూత్రపిండాలు బిగించి పట్టుకుంటాయి. ఎక్కువ తింటే ఎక్కువ బయటికి పోతుంది, ఒంట్లో నిలవ మారదు. ఏ తిండిలోనైనా పొటాషియంలో పొటాషియం-40 వాటా ఒకటే కాబట్టి, ఎంత తిన్నా దాని డోసు ఏడాదికి పెద్దలకు 0.17 మిల్లీసీవర్ట్ దగ్గరే ఉంటుంది, పిల్లలకు అంతకన్నా ఓ పిసరు ఎక్కువ. వ్యాసాలేమో తిన్న బెక్వెరెల్‌ను డోసుగా మార్చే గుణకంతో గుణించేస్తాయి. మీ పాప రోజుకు 100 గ్రాముల ఫార్ములా తాగితే ఆ లెక్కన ఏడాదికి 0.38 మిల్లీసీవర్ట్ వస్తుంది, నిజానికి రెండింతలు ఎక్కువ చేసి చెప్పడమే. ఇంతకీ తల్లిపాలలో కూడా లీటరుకు 15 బెక్వెరెల్ దాకా పొటాషియం-40 ఉంటుంది. దాన్ని తప్పించుకునే దారి లేదు, ఉండకూడదు కూడా. పొటాషియం లేకపోతే గుండె కొట్టుకోదు.

ప్రపంచ సగటున మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ అందుతుంది. అందులో సగం దాకా ఇళ్లలోని రేడాన్‌దే. తిండి వాటా 0.29: పొటాషియం 0.17, యురేనియం, థోరియం శ్రేణులు కలిపి 0.12. కేరళలో కరునాగపల్లి తీరంలో థోరియం ఉన్న మోనజైట్ ఇసుక వల్ల కొన్నిచోట్ల ఆరుబయట డోసు మామూలు నేలలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ దాదాపు 70,000 మందిని ఏళ్లపాటు గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో క్యాన్సర్లు అదనంగా కనబడలేదు. ఇంత చిన్న డోసులు అసలు హాని చెయ్యవని నేను అనడం లేదు. రక్షణ లెక్కల్లో సీవర్ట్‌కు ఐదున్నర శాతం అన్న గుణకాన్ని జాగ్రత్త కోసం వాడతాం. కానీ దాన్ని మైక్రోసీవర్ట్‌లకు వేసి ఊళ్లో ఇంతమంది పోతారు అని లెక్క కట్టొద్దని ఆ గుణకం ఇచ్చిన అంతర్జాతీయ సంస్థే చెప్పింది.

తిండి వాటాలోని ఆ 0.12 మిల్లీసీవర్ట్ లోపల ఉన్నవే ఆసక్తికరమైనవి. యురేనియం శ్రేణిలోని పొలోనియం-210 ఒక బెక్వెరెల్ మింగితే వచ్చే డోసు పొటాషియం-40 దాదాపు 200 బెక్వెరెల్‌కు సమానం. అది దాదాపు పూర్తిగా ఆల్ఫా కణాలే ఇస్తుంది, కాగితం అడ్డుపెట్టినా ఆగిపోతాయి. మీ మీటర్‌కు కాదు కదా, మా జెర్మేనియం డిటెక్టర్‌కూ అందదు. దానికి వేరే తంతు ఉంది. శాంపిల్‌ను ఆమ్లంలో కరిగించాలి. బూడిద చేద్దామని కొలిమిలో పెడితే పొలోనియం ఆవిరైపోతుంది. తరవాత ఎంత నష్టపోయామో తెలియడానికి పొలోనియం-209 కొద్దిగా కలిపి, వేడి ద్రావణంలో వెండి బిళ్ల వేలాడదీస్తే దాని మీదకు తనంతట తానే పేరుకుంటుంది. ఆ బిళ్లను ఆల్ఫా డిటెక్టర్ కింద రోజుల తరబడి ఉంచుతాం. ఖర్చూ ఓపికా రెండూ కావాలి కాబట్టి చాలా వ్యాసాల్లో ఇది ఉండదు. ముఖ్యమైనదే లేకుండా డోసు లెక్క పూర్తయిందంటారు.

పొలోనియం ఎక్కువగా సముద్రపు తిండిలో ఉంటుంది. అన్‌స్కియర్ చేపలకు ఇచ్చిన విలువ కిలోకు 2 బెక్వెరెల్, పాలకన్నా వంద రెట్లకు పైన. అది కండలో కాదు, జీర్ణావయవాల్లో పోగవుతుంది. రొయ్య తల తీసేస్తే అందులో పెద్ద భాగం పోతుంది. నెత్తళ్లు పొట్టతో సహా తింటాం కాబట్టి వాటిలో ఎక్కువ. ఎండబెడితే నీరు పోయి కిలో లెక్క మరింత పెరుగుతుంది, అందుకని రిపోర్టులో ఎండు బరువా పచ్చి బరువా అన్నది చూడాలి. డబ్బా చేపల్లో మాత్రం కాలం మన పక్షాన ఉంది. పొలోనియం అర్ధాయువు 138 రోజులు. ఏడాది నిలవున్న డబ్బాలో మొదట ఉన్నదాంట్లో ఆరో వంతుకు అటూ ఇటూగా మిగులుతుంది, దానికి మూలమైన సీసం-210 నుంచి కొత్తగా పుట్టేది కాస్త కలుస్తుంది. ఇంత చెప్పినా చేపలు మానేయమని అనను. వాటితో వచ్చే పోషణ ముందు ఈ డోసు చిన్నది.

బ్రెజిల్ నట్స్ కూడా ఈ జాబితాలోదే. ఆ చెట్టు వేళ్లు నేలలోని బేరియంను లాగుతాయి, దాంతోపాటు రేడియమూ వస్తుంది. సెలీనియం కోసం రోజుకు ఒకటో రెండో తినేవాళ్లకు ఇబ్బంది లేదు.

ఇవన్నీ ప్రకృతివి. మనుషులు చేసిన కాలుష్యం వేరు, దానికే పరిమితులు ఉన్నాయి. అణు ప్రమాదం తరవాతి ఆహారానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన మార్గదర్శక స్థాయి సీజియం-137కు కిలోకు 1,000 బెక్వెరెల్. జపాన్ 2012 ఏప్రిల్ నుంచి మామూలు ఆహారానికి 100, పాలకూ శిశు ఆహారానికీ 50 పెట్టుకుంది. ప్రకృతి సహజమైనవి తన పరిధిలోకి రావని కోడెక్స్ స్పష్టంగానే రాసింది, ఎందుకంటే వాటిని అదుపు చేయడం కుదరదు. ఫుకుషిమా అణు ప్రమాదం తరవాత, 2011 డిసెంబర్‌లో, జపాన్‌లో ఒక కంపెనీ పాలపొడిలో కిలోకు 30.8 బెక్వెరెల్ దాకా సీజియం బయటపడింది. పాలు శుభ్రమైనవే. పొడి ఆరబెట్టడానికి బయటి గాలి వాడారు, అది ప్రమాదం జరిగిన మార్చి నెల గాలి. అప్పటి పరిమితి 200, అయినా నాలుగు లక్షల డబ్బాలు మార్చి ఇచ్చారు. మన దగ్గర చెర్నోబిల్ తరవాత ఐర్లండ్ నుంచి వచ్చిన వెన్న మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో నిపుణుల కమిటీ హాని లేదని చెప్పాక కేసు ముగిసింది.

కొందరు మసాలా ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ వికిరణ గుర్తు (గామా కిరణాలతో శుద్ధి చేశారని తెలిపేది) చూసి కూడా కంగారు పడతారు. కోబాల్ట్-60 గామాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి, పదార్థాన్ని రేడియోధార్మికంగా మార్చలేవు. ఆ ప్యాకెట్ దగ్గర మీటర్ పెడితే మామూలు కారానికి వచ్చేదే వస్తుంది.

మీ ఇంట్లో నేను నిజంగా పట్టించుకునేవి రెండు. ఒకటి, ఆ లో సోడియం ఉప్పు. రేడియోధార్మికత వల్ల కాదు, పొటాషియం వల్లే. మూత్రపిండాలు సరిగ్గా పనిచెయ్యనివాళ్లకు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకు అది రక్తంలో పొటాషియం పెంచి గుండె లయ తప్పించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే కిడ్నీ జబ్బున్నవాళ్లకూ, గర్భిణులకూ, పిల్లలకూ ఆ సిఫారసు వర్తించదని చెప్పింది. ఉద్దానం లాంటి ప్రాంతాల్లో బంధువులుంటే వాళ్లకు ఈ ప్యాకెట్ కానుకగా పంపకండి. పాపకైతే ఏడాది నిండేదాకా ఏ ఉప్పూ వద్దు.

రెండోది, పాలపొడి కలిపే నీళ్లు. గ్రానైట్ నేలల్లో లోతైన బోరు నీళ్లలో యురేనియం ఉండొచ్చు. పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఇది కూడా ప్రధానంగా కిడ్నీలకు రసాయన హాని గురించే, రేడియోధార్మికత అక్కడ రెండో సంగతి. ప్యాకేజ్డ్ నీళ్లకు బి.ఐ.ఎస్. ప్రమాణం ఐ.ఎస్. 14543లో ఆల్ఫాకు లీటరుకు 0.1, బీటాకు 1 బెక్వెరెల్ పరిమితి ఉంది. వీధి చివర ప్లాంటు నింపే ఇరవై లీటర్ల క్యాన్ ఆ ప్రమాణం ప్రకారం పరీక్షకు వెళ్లిందో లేదో అడిగి చూడండి. ఆర్.ఓ. యురేనియంను బాగానే తీసేస్తుంది, కాచి చల్లార్చడం తీయదు, నీరు ఆవిరైన మేరకు కాస్త చిక్కబరుస్తుంది. పరీక్షకు డబ్బు పెట్టదలిస్తే పాలపొడికి కాదు, బోరు నీటికి పెట్టండి. యురేనియం, ఫ్లోరైడ్, నైట్రేట్ మూడూ ఒకేసారి చేయించండి.

అయినా సరే ఆహారమే పరీక్షించాలంటే, ఎగుమతి సరుకులకు రేడియోధార్మికత ధ్రువపత్రాలిచ్చే ల్యాబులు ఉన్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకుని వెళ్లండి. సీజియం-134, సీజియం-137 కావాలని రాసివ్వండి. అంకె పక్కన అనిశ్చితి, కనీస గుర్తింపు స్థాయి, కౌంటింగ్ సమయం రాసి ఇమ్మని ముందే చెప్పండి. "కనీస స్థాయికి తక్కువ" అని వస్తే డబ్బు వృథా అయిందనుకోవద్దు, మంచి రిపోర్టు అంటే అదే.

మీటర్ కూడా పారేయకండి. అటక మీద తాతల నాటి పెట్రోమాక్స్ లైటు, దాని పాత మాంటిల్ ప్యాకెట్లు ఉంటే వాటి దగ్గర పెట్టి చూడండి. పాత మాంటిళ్లలో థోరియం ఉండేది, మీటర్ గట్టిగానే అరుస్తుంది. అలాంటిది దొరికితే చిదమకుండా, ఆ బూడిద పీల్చకుండా, కవర్లో కట్టి పాప చేతికి అందని చోట పెట్టండి.